ఆలస్యంగా చేరిన భోజనము



పోయిన నెలలో మా సంఘములో ఒక పెద్దాయన ప్రభువునందు నిద్రించాడు. గొర్రెల కాపరి. పొద్దున మందను తోలుకొని పోతే చీకటి పడ్డాక తిరిగి వచ్చేవాడు. ఆదివారం మాత్రం మందను ఎవరికైనా అప్పగించి, గుడిలో వెనుక వరుసలో గొంగడి మడిచి పక్కన పెట్టుకొని కూర్చునేవాడు. జ్ఞాపకార్థ కూడికకు ముందు రోజు సాయంత్రం నేను వాళ్ళ ఇంటికి వెళ్ళాను. పెద్ద కొడుకు, నేను అరుగు మీద కూర్చున్నాము. "రేపు మీ నాయన గురించి ఏమి చెప్పమంటావు?" అని అడిగాను. అతడు చాలాసేపు నేల వైపు చూసి, "మంచే చెప్పండి అయ్యగారూ. మా నాయన మంచోడే. మమ్మల్ని పస్తు పెట్టింది లేదు. అయితే నన్ను ఒక్కతూరి కూడా బాగా చేసినావురా అనలే" అన్నాడు.

ఆ కొడుకుకు యాభై ఏళ్ళు. నిరుడే తాత కూడా అయ్యాడు.

ఆ రాత్రి ప్రసంగం రాసుకుందామని కూర్చుంటే కలం సాగలేదు. కొన్నేళ్ళ క్రితం ఒక పుస్తకంలో చదివిన మరొక తండ్రి పదే పదే గుర్తుకు వచ్చాడు. ఆయన మన దేశస్థుడు కాడు, మన సంఘస్థుడూ కాడు. నిజం చెప్పాలంటే ఏ సంఘానికీ క్రమంగా వెళ్ళినవాడు కాడు. ఆయన కూడా పశువులు మేపి బ్రతికినవాడు, ఎడారిలో పిల్లల్ని పెంచినవాడు. పేరు హ్యారీ డే.

అమెరికాలో ఆరిజోనా, న్యూమెక్సికో రాష్ట్రాల సరిహద్దు మీద, గీలా అనే నది దక్షిణపు ఒడ్డున ఒక ఎండు నేల ఉన్నది. ఉత్తరాదిన వెర్మాంట్ రాష్ట్రం నుండి వచ్చిన హెన్రీ క్లే డే అనే ఆయన 1880లో అక్కడ పశువులను దింపాడు. ఆ పశువుల ఒంటి మీద ఇంగ్లీషు 'బి' అక్షరం పక్కకు వాలి పడుకున్నట్టు కాల్చిన గుర్తు ఉండేది. పడుకున్న అక్షరాన్ని అక్కడివారు సోమరి అక్షరం అంటారట. అందుకే ఆ స్థలానికి 'లేజీ బి' అని పేరు నిలిచింది. అంత పని చేసిన ఇంటికి అలాంటి పేరు! ఇలా వేల ఎకరాల బీడులో పశువులను మేపే స్థలాన్ని వాళ్ళు రాంచ్ అంటారు. హెన్రీ కుమారుడే మన హ్యారీ. 1898లో పుట్టాడు.

లేజీ బి విస్తీర్ణం సుమారు 1,60,000 ఎకరాలు. వినగానే మనకు జమీందారు గుర్తుకు వస్తాడు. కాని అందులో చాలా భాగం ప్రభుత్వం నుండి కౌలుకు తీసుకున్న మేత భూమి. ఆ నేల మీద బ్రతికిన పశువులు సుమారు 2,000. లెక్క వేసి చూడండి, ఒక్క పశువు కడుపు నిండడానికి 80 ఎకరాలు కావాలి. మన అనంతపురం జిల్లాను కరువు సీమ అంటాము గదా, అక్కడైనా ఏడాదికి 20 అంగుళాలకు పైగా వాన పడుతుంది. లేజీ బి వైపు అందులో సగం పడితే గొప్ప. వాళ్ళు పెంచినవి ఎర్రటి ఒళ్ళు, తెల్లటి ముఖము గల హెర్‌ఫర్డ్ పశువులు. (ఒక మాట. అమెరికా వేడి ప్రాంతాలవారు మన దేశపు పశువులను తీసుకొని పోయి, వాటి నుండి బ్రాహ్మన్ అనే జాతిని తయారు చేసుకున్నారు. అందులో మన ఒంగోలు రక్తం కూడా ఉన్నది.)

నీళ్ళంటే బావులే. ఒక్కొక్క బావి మీద ఒక గాలిమర, దాని పక్కన ఒక తొట్టి. గాలి వీస్తే మర తిరుగుతుంది, నీళ్ళు పైకి వస్తాయి. మర ఆగిందా, ఆ తొట్టినే నమ్ముకున్న పశువులు ఎండలో ఎన్నో రోజులు నిలువలేవు. బాగు చేయడానికి మెకానిక్కు వస్తాడని కూర్చునే వీలు లేదు. అందుచేత హ్యారీ బావులన్నీ తిరిగి చూసుకునేవాడు, మరలు తానే విప్పి బాగు చేసేవాడు. మందల స్థితిని బాగుగా తెలుసుకొమ్మని సామెతల గ్రంథము 27వ అధ్యాయములో సొలొమోను చెప్పిన మాట మనం ప్రసంగాలలో ఎన్నిసార్లు వాడుకుంటామో. హ్యారీ దానిని వాడుకోలేదు, పాటించాడు. ఆయన దగ్గర చేరిన కౌబాయ్‌లలో కొందరు కుర్రతనంలో వచ్చి ముసలితనం వరకు అక్కడే ఉండిపోయారు. చదవడం రాయడం రాని మనిషి కూడా వారిలో ఉన్నాడు. పని తెలిసినవాడికి అక్కడ లోటు లేదు.

అయితే ఆయన మొదట కోరుకున్న జీవితం ఇది కాదు. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదవాలని ఆయన ఆశ. తండ్రి చనిపోవడంతో రాంచ్ బాధ్యత మీద పడింది, చదువు అక్కడితో ఆగిపోయింది. 1927లో ఎల్‌పాసో పట్టణానికి చెందిన ఎడా మే అనే యువతిని వివాహం చేసుకున్నాడు. ఆమె కళాశాలలో చదివిన అమ్మాయి. ఆమెను తెచ్చి నాలుగు గదుల పచ్చి ఇటుకల ఇంటిలో కాపురం పెట్టాడు. కరెంటు లేదు, కొళాయి నీళ్ళు లేవు. ఆమె ఆ ఇసుక గాలిలోనూ చక్కగా దుస్తులు ధరించి, పత్రికలు తెప్పించుకొని చదివి, చుట్టూ ఉన్న మగవాళ్ళందరికీ వండిపెట్టింది.

పెళ్ళికి ముందు హ్యారీ ఆమెకు రాసిన ఉత్తరాలు ఉన్నాయి. ప్రేమ ఉత్తరాలే. అంటే మనసులోని మాటను బయట పెట్టడం చేతకాని మనిషి కాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

వారికి ముగ్గురు పిల్లలు. 1930లో సాండ్రా, తరువాత చాలా ఎడంగా ఆన్, ఆలన్. అంటే ఎనిమిదేళ్ళ పాటు సాండ్రా ఒంటరి బిడ్డ. గుర్రాలు, కౌబాయ్‌లు, పెంచుకున్న అడవి పిల్లి, ఇవే ఆమె స్నేహం. దగ్గరలో బడి లేదు. ఆరేళ్ళ పిల్లను దాదాపు 200 మైళ్ళ దూరంలో ఎల్‌పాసోలో ఉన్న అమ్మమ్మ దగ్గరకు పంపారు. ఆ పిల్ల ఇంటి మీద బెంగతో ఏడ్చింది. ఒక ఏడాది ఇంటి నుండే చదివించి చూద్దామని రోజూ 32 మైళ్ళు పోయి 32 మైళ్ళు వచ్చే బడికి పంపారు. పొద్దు పొడవక ముందే బయలుదేరి పొద్దు గూకినాక వచ్చేది. అది సాగలేదు, మళ్ళీ అమ్మమ్మ దగ్గరకే పంపించారు. పిల్లలను హాస్టలులో చేర్చి, బస్సు కదిలాక కండువాతో కళ్ళు తుడుచుకున్న తండ్రులు ఈ పత్రిక చదివేవారిలో తక్కువేమీ ఉండరు. హ్యారీ కళ్ళు తుడుచుకున్నాడో లేదో ఎవరూ రాయలేదు.

ఇప్పుడు నాకు ఆ రాత్రి గుర్తుకు వచ్చిన సంగతి చెబుతాను. సాండ్రా, ఆలన్ కలిసి 2002లో తమ బాల్యం గురించి రాసిన 'లేజీ బి' అనే పుస్తకంలో ఇది ఉన్నది.

సాండ్రాకు అప్పుడు పదిహేనేళ్ళు. తండ్రి, కౌబాయ్‌లు దూరంగా ఒక బావి దగ్గర పశువులను పోగు చేసి, దూడలకు గుర్తులు కాలుస్తున్నారు. వాళ్ళందరికీ మధ్యాహ్న భోజనం తీసుకుపోవడం ఆ రోజు సాండ్రా పని. తల్లీ కూతుళ్ళు పొద్దున్నే లేచి వండారు. గిన్నెలన్నీ పాత పికప్ బండిలో పెట్టుకొని ఆ పిల్ల ఒంటరిగా బయలుదేరింది. సగం దారిలో టైరు దిగిపోయింది. ఆ దారిన ఎవరూ రారు. జాకీ పెట్టి బండి లేపింది. నట్లు తుప్పు పట్టి బిగుసుకొని ఉన్నాయి. పానా తిప్పితే నట్టు కదలడానికి బదులు చక్రమే తిరుగుతున్నది. మళ్ళీ బండిని కిందికి దింపి, పానా మీద ఎక్కి నిలబడి ఒంటి బరువంతా వేసి తొక్కింది. ఒక్కొక్క నట్టూ అలాగే వదులు చేసి, మళ్ళీ జాకీ పెట్టి, స్టెప్నీ బిగించి, బయలుదేరి చేరేసరికి బాగా ఆలస్యం అయిపోయింది.

అక్కడ మగవాళ్ళు భోజనం కోసం ఆగలేదు. పని మొదలు పెట్టేశారు. తండ్రి ఆమెను చూశాడు కాని దగ్గరకు రాలేదు. ఆమె గిన్నెలు దించి, పొయ్యి రాజేసి, కాఫీ కాచి ఎదురు చూసింది. పని ముగించుకొని ఆయన వచ్చి, ఆలస్యం అయ్యిందన్నాడు. టైరు పోయింది, నేనే మార్చుకొని వచ్చాను అని ఆమె చెప్పింది. అయితే ఇంకొంచెం ముందే బయలుదేరవలసింది అన్నాడు. అంతే. చేతులు కడుక్కొని భోజనానికి కూర్చున్నాడు.

తండ్రి శభాష్ అంటాడని ఆ పిల్ల దారి పొడుగునా అనుకొని ఉంటుంది. పదిహేనేళ్ళ ఆడపిల్ల, ఒంటరిగా, ఎడారిలో, తుప్పు పట్టిన నట్లు విప్పింది గదా! కాని అక్కడ కావలసింది ఒక్కటే, వేళకు భోజనం. కారణం ఎంత నిజమైనదైనా ఆకలి తీరదు.

ఈ సంగతిని నేను మొదటిసారి చదివినప్పుడు హ్యారీ మీద నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆయన పక్షాన కూడా కొంత చెప్పాలి. ఎడారి ఎవరి సాకునూ వినదు. గాలిమర ఎందుకు ఆగిందో దప్పికతో ఉన్న ఆవుకు అక్కర లేదు. ఏభై ఏళ్ళు అలాంటి యజమాని కింద పని చేసిన మనిషి ఆయన. రేపు తాను లేని చోట మరొక టైరు పోతుంది, అప్పుడు కూతురు బ్రతకాలి. కనుక ముందే బయలుదేరు అన్నాడు. దానిలో ప్రేమ లేదని నేను అనను. పగటి ఎండకు, రాత్రి మంచుకు క్షీణించిపోయానని మామ లాబానుతో యాకోబు చెప్పుకున్న మాట ఆదికాండము 31లో చదువుతాము గదా. మందలు కాచేవారి మాట అంత మెత్తగా ఉండకపోవడంలో ఆశ్చర్యం లేదు.

అయినా బిడ్డ గాలిమర కాదు. వేళకు తిరిగితే చాలును అనుకోవడానికి.

హ్యారీ గుడికి ఎందుకు వెళ్ళలేదన్న ప్రశ్న పిల్లలకూ వచ్చింది. దగ్గరలో గుడి లేదన్నది ఒక కారణం. అయితే ఆయన ఆ సాకు చెప్పలేదు. ఈ ప్రకృతి ఇంత గొప్పగా, ఇంత క్రమంగా ఉన్నది, దీనికి ఒక శక్తి కారణమై ఉండాలి, మన గుడి ఇదే, మన చుట్టూ ఉన్నది అనే భావంతో సమాధానం చెప్పాడట. పాస్టరుగా నేను దీనికి తల ఊపలేను, పూర్తిగా కొట్టివేయనూ లేను. 19వ కీర్తన మొదటి సగం చూడండి. ఆకాశాలు దేవుని మహిమను చాటుతున్నాయని దావీదు, ఆయన కూడా మందలు కాచినవాడే, పాడాడు. కాని ఆ కీర్తన అక్కడ ఆగదు. సగంలో ఆకాశం నుండి దేవుని మాట వైపుకు తిరుగుతుంది, చివరకు తన నోటి మాటలు దేవునికి అంగీకారముగా ఉండాలన్న ప్రార్థనకు వస్తుంది. హ్యారీ మొదటి సగాన్ని మనలో చాలా మంది కంటే బాగా చదివాడు. రెండవ సగము, నోటి మాటల సంగతి, అక్కడికి రాలేదు.

నోటి మాటల సంగతి అని ఊరికే అనలేదు. సాండ్రా జీవితం గురించి ఇవాన్ థామస్ 2019లో రాసిన పుస్తకంలో ఆయన కోపం గురించి కూడా ఉన్నది. అంత ప్రేమగా ఉత్తరాలు రాసిన ఆ భార్యనే తరువాతి కాలంలో మాటలతో పొడిచేవాడట. ఎడా మే ఎదురు మాట్లాడేది కాదు, ఆ గాలానికి చిక్కేది కాదు. రెచ్చగొట్టే మాటకు రెచ్చిపోకుండా ఉండడం తల్లిని చూసి కూతురు నేర్చుకున్నది. చనిపోయినవారి గురించి మంచే చెప్పాలంటారు. నాకు ఆ ఆచారం మీద గౌరవం ఉన్నది. కాని ఇరవై ఏళ్ళుగా సమాధుల దగ్గర నిలబడుతున్నాను. మంచి మాత్రమే చెప్పినప్పుడు ఇంటివారి ముఖాలు ఎలా మూసుకుపోతాయో చూశాను. వాళ్ళకు తెలిసిన మనిషి వేరు, నేను చెప్పే మనిషి వేరు.

సాండ్రా 1946లో, పదహారేళ్ళకే, తండ్రి చదవలేకపోయిన ఆ స్టాన్‌ఫర్డ్‌లోనే చేరింది. 1952లో న్యాయశాస్త్రం ముగించింది. ఆడవారిని వకీళ్ళుగా తీసుకోమని పెద్ద పెద్ద సంస్థలు తలుపులు మూశాయి. అదే ఏడు డిసెంబరులో జాన్ ఓకానర్‌తో ఆమె పెళ్ళి లేజీ బి లోనే జరిగింది. 1981లో ఆమె అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యింది. ఆ పీఠం మీద కూర్చున్న మొదటి స్త్రీ. సెప్టెంబరు 25న ప్రమాణ స్వీకారానికి హ్యారీ, ఎడా మే ఎడారి నుండి వాషింగ్టన్ వెళ్ళారు. ఆయనకు అప్పటికి ఎనభై దాటాయి. 1984లో హ్యారీ, 1989లో ఎడా మే చనిపోయారు. 1986 నుండి రాంచ్‌ను కొంచెం కొంచెంగా అమ్మివేశారు. ఆలన్ గుర్రాల మీద ప్రేమ వదలక, దక్షిణ డకోటాలో దిక్కులేని అడవి గుర్రాలను వందల కొద్దీ చేరదీసి కాచాడు. ఆన్ ఆరిజోనా రాష్ట్ర సెనేటులో పని చేసి, 2016లో రోడ్డు ప్రమాదంలో మరణించింది. సాండ్రా 2023 డిసెంబరు 1న, 93 ఏళ్ళ వయసులో కన్ను మూసింది.

ఆ టైరు సంగతి పుస్తకంలో వచ్చేసరికి సాండ్రాకు డెబ్బై దాటాయి. దేశమంతా ఆమె తీర్పుల కోసం ఎదురు చూసిన రోజులవి. లోకం ఇవ్వగల మెప్పు అంతా ఇచ్చింది. అయినా ఆ మధ్యాహ్నం ఎదురు చూసిన ఒక్క మాట ఆమెకు అంతా గుర్తున్నది, నట్టుకు పట్టిన తుప్పుతో సహా. ఆమె తండ్రిని నిందించలేదు. ఆయన దగ్గర నేర్చుకున్నానని గౌరవంగానే రాసింది. గుర్తున్నదని మాత్రమే నేను అంటున్నాను.

ఆ రాత్రి నేను బైబిలు తెరిచి ఆదికాండము 26, 27 అధ్యాయాలు చదివాను. రెండింటినీ ఎన్నోసార్లు విడివిడిగా బోధించాను, కలిపి ఎప్పుడూ చదవలేదు. 26వ అధ్యాయంలో ఇస్సాకు పూడిపోయిన బావులను మళ్ళీ తవ్వుతాడు. పోట్లాడి లాక్కుంటే వదిలేసి మరొకటి తవ్వుతాడు. మంద కోసం, ఇంటి కోసం అంత ఓర్పు గల మనిషి. వెంటనే 27వ అధ్యాయంలో ఆ ఇస్సాకు ఎదుటనే, నన్ను కూడా దీవించు నాయనా అని ఏశావు గొంతెత్తి ఏడుస్తాడు. ఏశావు చిన్నపిల్లవాడు కాడు. నలభై దాటి, పెళ్ళిళ్ళు చేసుకున్నవాడు. బావులు అన్నీ తవ్విన తండ్రి దగ్గర ఒక్క దీవెన మిగలలేదు.

మరునాడు కూడికలో పెద్దాయన గురించి చెప్పవలసిన మంచి అంతా చెప్పాను. కరువు ఏడాదిలో మందను ఎంత దూరం తోలుకుపోయాడో, ఆదివారం ఎలా తప్పలేదో చెప్పాను. తరువాత కొడుకు వైపు చూసి, అతడు సరే అన్నట్టు తల ఊపాక, ఆయన మెచ్చుకోవడం ఎరుగని మనిషి అని కూడా చెప్పాను. మన పెద్దలు పిల్లలను ఎదుట పొగిడితే ఆయుక్షీణం అంటారు. దిష్టి తగులుతుందని భయం. ఆ భయం మనం గుడికి వచ్చినా మనతోనే వచ్చింది, గడప దగ్గర చెప్పులతో పాటు విడువలేదు అన్నాను. కొందరు నవ్వారు. కొందరు తల వంచుకున్నారు. నేను కూడా మనసులో నా పెద్ద పిల్ల ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం చేస్తూ, లెక్కలలో ఆ మూడు మార్కులు ఎక్కడ పోయాయి అని అడిగిన సంగతి తలచుకున్నాను.

కూడిక అయ్యాక భోజనాల దగ్గర, పెద్దాయనతో ముప్పై ఏళ్ళు మందలు తోలిన ముసలాయన ఒకడు నా పక్కకు వచ్చాడు. "అయ్యగారూ, మీరు చెప్పింది సగమే నిజం. కొండ మీద కూర్చుంటే వాని నోట కొడుకు మాట తప్ప వేరే మాట వచ్చేది కాదు. వినలేక మేమే లేసి పోయేవాళ్ళం" అన్నాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకొని వేప చెట్టు కింద కూర్చున్న కొడుకు దగ్గరకు తీసుకువెళ్ళి, నాతో చెప్పిన మాట అతనితో చెప్పమన్నాను. ముసలాయన చెప్పాడు. కొడుకు చేతిలోని విస్తరి కింద పెట్టేశాడు.

"ఏమన్నాడు మామా? ఎట్లన్నాడో అట్లే చెప్పు."

ముసలాయన మళ్ళీ మొదటి నుండి చెప్పడం మొదలు పెట్టాడు, బోరు వేయించిన ఏడాది సంగతి, అప్పు తీర్చిన సంగతి. నేను బస్సుకు వేళ అవుతున్నదని లేచి వస్తుంటే కొడుకు అడుగుతూనే ఉన్నాడు. "ఇంకేమన్నాడు?"